ఎదురీదే చేపను తన చేత్తో పట్టిన మా రత్నం

మా రత్నం మరణవార్త వచ్చిన ఉదయం నేను గ్యారేజీలో కూర్చుని గాలాలకు పదును పెడుతున్నాను. సెప్టెంబరు మొదటి శనివారం అది. ఇంకో రెండు వారాల్లో సాల్మన్ చేపలు శాక్రమెంటో నదిలో కొలూసా దాకా ఎక్కి వస్తాయని, ఆ లోపల పడవ ఇంజను సరిచూసుకోవాలని ముందురోజే ఇద్దరం అనుకున్నాం. ఫ్రీమాంట్ నుంచి మా పడవ స్నేహితుడు ఖాదర్ ఫోన్ చేశాడు.

"అన్నా, రత్నం సాబ్ మనకు లేడిగ. పొద్దుగాల్ల గుండె ఆగిపోయిందంట."

"నోరు ముయ్యి. నిన్న సాయంత్రమే నాతో గాలాల సీసపు గుండ్ల గురించి అరగంట మాట్లాడాడు" అని కసిరాను. కార్ల ఫ్యాక్టరీలో ఇనుము వంచే ఆ మనిషి వెక్కి వెక్కి ఏడవడం వినిపించింది. అప్పుడు నమ్మాను. చేతిలోని గాలం వేలిలో దిగి ఉంది. దాన్ని తీసుకోవాలని కూడా చాలాసేపు తోచలేదు.

యాభై నాలుగేళ్ళు చావదగిన వయసు కాదు. అరవై నిండిన నేను మిగిలి, అతను వెళ్ళిపోవడం ఏ ధర్మమో ఆ పైవాడే చెప్పాలి.

పోయినవారి గురించి రాసేటప్పుడు అందరినీ సకల సద్గుణ సంపన్నులని రాయడం ఆచారం. నాకు ఆ ఆచారం పడదు. రత్నానికి పడవ తిన్నగా నడపడం రాదు. పాట రాదు, అయినా పాడేవాడు. లంగరు వేసి తాడు కట్టడం మరిచి రెండు లంగర్లు నదికి సమర్పించుకున్నాడు. వీటన్నిటినీ మించిన దోషం ఇంకొకటి ఉంది. ఆ మహానుభావుడికి మనిషి పట్ల మర్యాద మితిమీరి ఉండేది. ఆ మర్యాద వల్ల నాలుగేళ్ళపాటు మా పడవలోకి ఒక్క సాల్మన్ రాలేదు. ఆ కథ తెలియనివాళ్ళకు రత్నం తెలియనట్టే. అందుకే ఇది రాస్తున్నాను.

వెంకటరత్నాన్ని ఇక్కడి తెలుగువారిలో చాలామంది ఇంజనీరుగా ఎరుగుదురు. శాక్రమెంటోలో నదీ కట్టల పనులు చూసే ఆఫీసులో పెద్ద ఉద్యోగం. ఉగాదికి స్కూలు హాలు మాట్లాడిపెట్టేదీ, కొత్తగా దిగినవాళ్ళకు చలికోట్లు పోగుచేసేదీ అతనే. నేనేమో, ఇక్కడ నర్సుగా పనిచేసే మా చెల్లెలు పిలిపించగా నలభై ఎనిమిదో ఏట ఈ దేశం వచ్చి, టమాటాలు డబ్బాల్లో నింపే క్యానరీలో బుట్టలు ఎత్తేవాణ్ణి. చదువు లేదు. వేలిముద్ర నా సంతకం. డెబ్బై ఎనిమిదిలో ఉగాది వంటలో పులిహోర కలుపుతుంటే ఎవరో పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"మీది ఏ ఊరండీ?"

"యానాం దగ్గర లంక, బాబూ."

"అయితే పులస పట్టారా?"

"పట్టడమేటి, పుట్టిందే పడవలో."

అంతే, ఆ మనిషి ముఖం వెలిగిపోయింది. చేతిలో ఉన్న ఉగాది పచ్చడి గిన్నె కింద పెట్టేసి, నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "నా పేరు రత్నమండి. మా నాన్న రాజమండ్రి తాలూకా కచేరీలో గుమాస్తా. గోదాట్లో కాలు పెడితే కాలు విరగ్గొడతాననేవాడు. వరద రోజుల్లో గట్టు మీద నిలబడి పులస పడవలు చూస్తూ పెరిగాను. ఏటికి ఎదురీదే చేపను ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నా చేత్తో పట్టాలండి అన్నయ్యగారూ."

పులస సముద్రం నుంచి వరద నీటికి ఎదురెక్కి వస్తుంది. ఇక్కడి సాల్మన్ కూడా అంతే, శరదృతువులో సముద్రం విడిచి పుట్టినచోటికి ప్రాణాలొడ్డి ఎక్కుతుంది. ఓసారి ఏదో కట్ట పని చూడబోయి, అడ్డుగోడ మీదుగా ఎగిరిన సాల్మన్‌ను చూశాడట. "అదే నా పులస" అని ఆనాడే నిశ్చయించుకున్నాడు. నన్ను 'మీరు' అన్న తొలి ఇంజనీరు అతను. నేను 'బాబుగారూ' అంటే ఒప్పుకోలేదు. "రత్నం అనండి, చాలు" అన్నాడు. చివరిరోజు దాకా నేను అతన్ని 'నువ్వు' అన్నాను, అతను నన్ను 'మీరు' అన్నాడు.

ఆ నెలలోనే పద్నాలుగడుగుల అల్యూమినియం పడవ ఒకటి పాతది కొన్నాడు. నది మీదకు వెళ్ళేది ముగ్గురం. మూడోవాడు ఖాదర్, వరంగల్లు మనిషి. పడవను 'డబ్బా' అనేవాడు. దానికి తగ్గట్టే అది ప్రతి అలకూ మోగేది. మా నియమం ఒకటే. శనివారం నది, ఆదివారం రత్నం ఇంట పులుసు. చేపల పులుసు రెండోరోజుకు గాని రుచికి రాదని మా గోదావరి వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

వసంతకాలంలో చారల చేపలు వచ్చేవి. ఇక్కడివాళ్ళు స్ట్రైపర్ అంటారు. వెండి ఒంటి మీద నల్లగీతలు గీసినట్టుంటుంది. చిన్న చేపల్ని తరుముకుంటూ నీటి పైకొచ్చి మింగే ఆశపోతు అది. నేను గాలపు తాడుకు బెండు కట్టి, ఎరను పైనీటిలో ఆడించమన్నాను. మొదటి ఏడాదే కుప్పలుగా పడ్డాయి. ఖాదర్ చేతికి ఒకటి చిక్కి పడవను పావుమైలు లాగింది. రత్నం గాలానికి పడ్డవాటిని మాత్రం ఎప్పుడూ అతను లాగింది లేదు. పడవలో ఎవరు కొత్తవాళ్ళుంటే వాళ్ళకు గాలపు కర్ర అందించేసేవాడు. ఎవరూ లేకపోతే నాకిచ్చి, చప్పట్లు కొట్టేవాడు.

తూకం దగ్గర మాత్రం కఠినుడు. ఒకసారి ఖాదర్ చేప పంతొమ్మిది పౌన్ల పద్నాలుగు ఔన్సులు తూగింది.

"ఇరవై అని చెప్పు రత్నం సాబ్. రెండు ఔన్సులకు దేవుడు లెక్కలడుగుతడా?"

"దేవుడు అడగడు ఖాదర్. చేప అడుగుతుంది."

ఇక శరత్తు వచ్చింది. మొదటి సాల్మన్ ప్రయాణం. నేను మామూలుగానే బెండు కట్టాను. రత్నం సంచిలోంచి చిన్న పుస్తకమొకటి తీసి, కళ్ళజోడు సర్దుకున్నాడు.

"అన్నయ్యగారూ, సాల్మన్ గురించి ఇందులో ఏమని రాశారంటే..."

"ఏమని రాశారో నాకక్కర్లేదు. చేపపిల్లకి ఈత నేర్పుతావా? ఏరెక్కే చేప పైనీటిలోనే ఎక్కుతుంది. మా తాత చెప్పాడు, మా అయ్య చెప్పాడు, నేను కళ్ళారా చూశాను. నా పడవలో పుస్తకం తియ్యకు."

"పడవ నాదేనండీ" అన్నాడు నెమ్మదిగా.

"నది నాది" అన్నాను.

ఖాదర్ టోపీ ముఖం మీదకు లాక్కున్నాడు. "చేపలు ఎవరియో గది గూడ తేల్చుకోన్రి. అయినంక నన్ను లేపున్రి."

రత్నం పుస్తకం మూసి సంచిలో పెట్టేశాడు. మళ్ళీ ఆ పుస్తకం పడవలో కనిపించలేదు. నేను గెలిచాననుకున్నాను.

నాలుగు శరత్తులు గడిచాయి. మాకు కుడిపక్క పడవలో సాల్మన్, ఎడంపక్క పడవలో సాల్మన్, మా పడవలో మాత్రం సద్దిమూట. నీళ్ళు చల్లగా లేవనీ, గాలి బాగా లేదనీ, ఖాదర్ గురక చేపల్ని బెదరగొడుతోందనీ నేను కారణాలు చెప్పేవాణ్ణి. ఎర అమ్మే దుకాణంలో టోనీ అనే పోర్చుగీసు ముసలాయన మమ్మల్ని చూడగానే, "ఆకాశంలో చేపలు పట్టేవాళ్ళొచ్చారు!" అని అందరికీ వినిపించేలా అరిచేవాడు. రత్నం అందరికంటే పెద్దగా నవ్వేవాడు.

ఇంటి దగ్గర అతని భార్య సుభద్రమ్మ రాజమండ్రి నుంచి తెచ్చుకున్న మట్టిదాకను ఫ్రిజ్ మీద బోర్లించి ఉంచింది. చారల చేపలన్నీ స్టీలు గిన్నెలోనే ఉడికేవి. "దాక సాల్మన్ కోసమేనండీ. అంతవరకూ దానికి నీళ్ళు కూడా తగలనివ్వను" అని శపథం పట్టింది. శరత్తులో మేము ఉత్తచేతులతో గుమ్మం ఎక్కినప్పుడల్లా, "ఏం అన్నయ్యగారూ, దాక దించమంటారా?" అని అడిగేది. ఆ ఇల్లాలి వెటకారం మా లంకలో గయ్యాళులకు కూడా చేతకాదు. నాకు తల తీసేసినట్టుండేది. చేప పట్టిస్తానని రత్నానికి మాటిచ్చింది నేను. అతని కోరిక తీరకపోతే తప్పు నాది. అయినా నా మాట మాత్రం మార్చుకోలేదు. మొండితనానికి మందేముంది.

ఆ రోజుల్లోనే అతను నాకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టాడు. చేపల లైసెన్సు కాగితం మీద నేను వేలిముద్ర కోసం సిరా వెతుక్కోవడం చూశాడు. మరుసటి శనివారం జేబులో సుద్దముక్క తెచ్చాడు. పడవ అడ్డబల్ల మీద 'అ' రాసి, "అన్నయ్యగారూ, చేప కొరికేదాకా ఊరికే కూర్చోవడమెందుకండీ" అన్నాడు. చేపలు కొరికితే కదా! ఆ నాలుగు శరత్తుల్లో మాకు దొరికినంత తీరిక ఏ గురుకులంలోనూ దొరకదు. నీటితుంపర పడి అక్షరం చెరిగిపోయేది, అతను మళ్ళీ రాసేవాడు. నేను విసుక్కుని సుద్ద నీళ్ళలోకి విసిరితే, జేబులోంచి ఇంకోటి తీసేవాడు.

"యాభై దాటినవాడికి ఇదంతా ఎక్కుతుందా?" అన్నానొకసారి.

"అక్షరానికి ముళ్ళుండవండీ. భయపడకుండా మింగండి" అన్నాడు.

ఖాదర్ ఒక కన్ను తెరిచి, "చేపలు పడతలేవు గని, అన్నకు గుణింతాలైతే మస్తు పడుతున్నయ్" అన్నాడు. గుణింతాలయ్యాక మాటలు, మాటలయ్యాక పద్యాలు వచ్చాయి. అతను పద్యమంటే ప్రాణం పెట్టేవాడు కనుక, ఈ వ్యాసంలో నాలుగు సంస్కృత పదాలు దొర్లితే ఆ పాపం అతనిదే. తప్పు చదివితే ఏనాడూ నవ్వలేదు. ఆ నవ్వంతా నా బెండు కోసం దాచుకున్నాడని తరవాత తెలిసింది.

ఐదో శరత్తు వచ్చింది. కొలూసా దగ్గర లోతైన మడుగులో లంగరు వేశాం. తాడు ఈసారి నేనే కట్టాను. నేను బెండు పైకి తీస్తుండగా రత్నం నీలం అట్ట నోటుపుస్తకం ఒకటి నా ఒళ్ళో పెట్టాడు.

"ఇవాళ పాఠం ఇదండి. పైకి చదవండి."

అతని చేతిరాత, గుండ్రని తెలుగు. వేలు పెట్టుకుని చదివాను. "అక్టోబరు, శనివారం. నీరు చల్లగా ఉంది. అన్నయ్యగారు ఎర పైన వేయమన్నారు. వేశాం. చేపలు అడుగున వెళ్ళాయి. అన్నయ్యగారు పడవ పాట పాడారు. మంచి రోజు."

పుట తిప్పాను. "శనివారం. ఈ రోజూ ఎర పైనే. చేపలు అడుగునే. ఖాదర్ నిద్రపోయాడు. సుభద్ర పెట్టిన పెరుగన్నం బాగుంది. మంచి రోజు."

ఇంకో పుట. అదే సంగతి. నాలుగేళ్ళ శనివారాలన్నీ ఉన్నాయి. ఎర పైన, చేప అడుగున, మంచి రోజు. చదివేకొద్దీ నా గొంతు చిన్నదైపోయింది. ఖాదర్ లేచి కూర్చున్నాడు.

"అడుగున పోతుందని నీకెప్పటినుంచి తెలుసు?" అన్నాను.

"మొదటి ఏడు నుంచండి. ఆ పుస్తకంలో ఉంది. సాల్మన్ అడుగుపట్టునే ఎక్కుతుందట."

"నాలుగేళ్ళు! మరి నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"పడవలో పుస్తకం తియ్యొద్దన్నారు కదండీ."

"నీ మర్యాద పాడుగాను రత్నం సాబ్!" అని ఖాదర్ లేచి నిలబడ్డాడు. పడవ ఊగిపోయింది. "నాలుగేండ్లు నన్ను ఎండల ఎండబెడితివి! గా టోనీగాడు మనల్ని జూసి నవ్వుతుంటే నువ్వు గూడ నవ్వితివి!"

రత్నం రెండు చేతులూ జోడించాడు. నవ్వుతూనే ఉన్నాడు గాని కళ్ళు తడిగా ఉన్నాయి. "నేను చెబితే అన్నయ్యగారికి కోపమొచ్చేది. నదికి రావడం మానేసేవారు. సాల్మన్ లేకపోయినా శనివారం ఉంటుంది. ఆయన రాకపోతే శనివారమే ఉండదు కదా. అందుకని, ఆయనంతట ఆయనే చదువుకుని తెలుసుకునేదాకా ఆగుదామనుకున్నాను."

నలభై ఏళ్ళు నీటి మీద బతికినవాణ్ణి, ఆ క్షణాన ఏ నీళ్ళల్లో దూకాలో తెలియలేదు. సిగ్గుపడ్డాను. తిట్టాను కూడా. ఏమని తిట్టానో అచ్చులో రాయకూడదు. తరవాత అతని తాడుకున్న బెండును పళ్ళతో కొరికి తెంపి, నా చేతులతోనే సీసపు గుండు కట్టాను. చేపగుడ్ల ఎర గుచ్చి, "వెయ్యి. అడుగు తగిలేదాకా వదులు" అన్నాను.

సీసం అడుగున రాళ్ళను తడుముకుంటూ పోతోంది. ఒకసారి వేశాడు, రెండుసార్లు వేశాడు. మూడోసారి కర్ర మొన ఒక్క వంగు వంగింది. రీలు కేకపెట్టింది. నదిలో ఎర్రటి వీపు ఒకటి పొర్లి మళ్ళీ అడుగుకు పోయింది. రత్నం కంగారుపడిపోయాడు. అలవాటు ప్రకారం కర్ర నా వైపు చాపాడు.

"అన్నయ్యగారూ, పట్టుకోండి! పట్టుకోండి!"

నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను. "పట్టుకోను."

"పోతుందండీ!"

"పోతే పోనీ. నీ చేత్తో పట్టాలన్నావు. పట్టు. నది నీది."

కర్ర ఖాదర్ వైపు చాపాడు. ఖాదర్ కూడా చేతులు వెనక్కి పెట్టుకుని, "నాకు నిద్రొస్తుంది సాబ్" అన్నాడు.

ఇంక గత్యంతరం లేదు. ఆ బక్కపలచని ఇంజనీరు అడ్డబల్లకు మోకాళ్ళు ఆనించి, ఆ మహామత్స్యంతో పోరాడాడు. అది తాడు లాక్కుని మూడుసార్లు పరుగు తీసింది. మూడుసార్లూ అతను చుట్ట చుట్టి వెనక్కి తెచ్చాడు. "వదులు... ఇప్పుడు చుట్టు... వదులు!" అని నేను అరుస్తూనే ఉన్నాను. వేళ్ళు కోసుకుపోయి రక్తం వస్తోంది, అతనికి తెలియదు. కళ్ళజోడు నీళ్ళలో పడిపోయింది, అదీ తెలియదు. పడవలన్నీ ఆగి చూస్తున్నాయి. అరగంటకు చేప పక్కకు ఒరిగింది. ఖాదర్ చేతివల దాని కిందకు పెట్టి ఒక్క ఊపున పైకెత్తాడు. డబ్బా మొత్తం గుడి గంటలా మోగింది.

రత్నం దాని మీద రెండు అరచేతులూ ఆనించి మోకరిల్లాడు. తరవాత తలెత్తి, రాజమండ్రి గట్టు దాకా వినిపించేలా ఒక కేక వేశాడు. నేనూ వేశాను. ఖాదర్ అయితే అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని, సోమవారం ఫ్యాక్టరీలో సైగలతో పనిచేశాడు.

ఇరవై ఆరు పౌన్ల మూడు ఔన్సులు. ఔన్సులు కూడా రాయకపోతే రత్నం ఒప్పుకోడు. టోనీ త్రాసు దగ్గర టోపీ తీసి, "ఇవాళ ఆకాశం బాగా కిందికి దిగిందే!" అన్నాడు. మేము నాలుగేళ్ళు మోసిన నవ్వును ఆ ముసలాయన దగ్గరే దించేసి వచ్చాం.

ఇంటికి వెళ్ళేసరికి సుభద్రమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. నోరు తెరిచి ఏదో అనబోయింది. రత్నం చేతుల్లో చేప కనబడింది. పరుగున లోపలికి వెళ్ళి, కుర్చీ వేసుకుని, ఫ్రిజ్ మీంచి దాక దించింది. దుమ్ము కొంగుతో తుడిచింది. బెండకాయలు, పచ్చిమిరపకాయలు, పైన ఆవకాయ నూనె. ఆ ఆదివారం ఆ ఇంటికి ఎంతమంది వచ్చారో లెక్కలేదు. దాక మూడుసార్లు నిండింది. అందరికీ వడ్డించాకే రత్నం కూర్చున్నాడు. ఒక ముద్ద తిని, "పులస కాదు గాని, పులస చెల్లెలు" అని తీర్పు చెప్పాడు.

భోజనాలయ్యాక నీలం పుస్తకం నా ముందు పెట్టాడు. "నిన్నటిది మీరు రాయండి." అరగంట పట్టింది. "రత్నం చేపను పట్టాడు." నా జీవితంలో నేను రాసిన మొదటి వాక్యం అది. అంతకన్నా మంచి వాక్యం ఇంతవరకూ రాయలేదు. దాని కింద అతను రెండు మాటలు చేర్చాడు. మంచి రోజు.

ఆ తరవాత ఎన్నో శరత్తులు, ఎన్నో సాల్మన్లు. ఈ ప్రాంతంలో ఇవాళ గాలం పట్టే తెలుగువాళ్ళలో సగంమంది మొదటి చేప రత్నం అందించిన కర్రతో పట్టినవాళ్ళే. అతను మాత్రం మళ్ళీ ఒక్కటీ తన చేత్తో పట్టలేదు. అడిగితే, "నా కోటా అయిపోయిందండి" అనేవాడు. ఎదుటివాడు తన తప్పు తనే తెలుసుకునేదాకా నవ్వుతూ నాలుగేళ్ళు పక్కన కూర్చోగల మనిషిని నేను ఇంకొకణ్ణి చూడలేదు. ఈ వయసులో ఇక చూడను. ఆ స్థానం శూన్యం. దాన్ని పూడ్చే ప్రయత్నం కూడా అపచారమే.

పన్నెండో రోజు అయ్యాక సుభద్రమ్మ ఆ నీలం పుస్తకం, అతని గాలపు కర్ర తెచ్చి నాకిచ్చింది. "చేపలు ఎక్కుతున్నాయట. ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు అన్నయ్యగారూ, వెళ్ళండి. దాక కడిగి పెట్టాను" అంది. ఆ తల్లి ముందు తలెత్తలేకపోయాను.

మొన్న శనివారం ఖాదరూ నేనూ వెళ్ళాం. అదే మడుగు. మధ్య బల్ల ఖాళీగా ఉంచాం. రత్నం కర్రతో వేశాం. పదిగంటల వేళకు పడింది. ఖాదర్ ఒకసారి లాగాడు, నేనొకసారి లాగాను. పైకి వచ్చాక ఇద్దరం కేక వేశాం. వేయకపోతే అతను ఊరుకోడు. తరవాత ఒడ్డున కూర్చుని పుస్తకం తెరిచాను. అతని చివరి రాత కింద నా రాత.

"శనివారం. నీరు చల్లగా ఉంది. ఎర అడుగున వేశాం. ఇరవై ఒక్క పౌన్ల ఏడు ఔన్సులు. రత్నం లేడు. రేపు దాకలో పులుసు."

అక్కడ చెయ్యి ఆగింది. చివరి రెండు మాటలు రాయడానికి మనసొప్పలేదు. ఖాదర్ నా భుజం మీదుగా చూస్తున్నాడు. వాడికి తెలుగు చదవడం రాదు, అయినా ఏం మిగిలిందో తెలుసు.

"రాయన్నా. గాయన రాసేటోడు."

రాశాను.